ముందు నువ్వు తిను బాబూ

ఆ రోజుల్లో నమ్మకం అనేది మెడలో కట్టుకుని తిరిగే సరుకని నా గట్టి అభిప్రాయం. నాది నీలం చారల టై. గుడ్లవల్లేరులో సివిల్ ఇంజనీరింగ్ చదివాను గానీ, ఎవరూ నన్ను నమ్మి ఒక్క ప్రహరీ గోడైనా కట్టమనకపోవడంతో రొయ్యల మేత అమ్మే కంపెనీలో చేరాను. (మా అమ్మ చుట్టాల దగ్గర "మావాడు ఆక్వాలో ఇంజనీరు" అని చెప్పుకునేది. బస్తాలు మోసే సంగతి మాత్రం మింగేసేది.) చేరగానే విజయవాడలో ఏసీ హాల్లో శిక్షణ. ఎప్పుడూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతారు కాబట్టి మా మేనేజరుకి మేం చాటుగా 'చిరునవ్వు సారు' అని పేరు పెట్టాం. "కస్టమర్ కళ్ళలోకి సూటిగా చూడండి, నమ్మకం దానంతటదే వస్తుంది" అని ఆయన బోధ. మా నందివాడలో పెద్దవాళ్ళ కళ్ళలోకి అలా చూస్తే వచ్చేది నమ్మకం కాదు, చెంపదెబ్బ. అయినా బుద్ధిగా తలూపాను.

నన్ను కృత్తివెన్ను వైపు చెరువుల మీదకి తోలారు. ప్రొబేషన్ అయ్యేలోగా ఒక్క పెద్ద రైతునైనా తేకపోతే ఉద్యోగం ఊడుతుంది, నేను ఇంటికెళ్ళి నాన్న పక్కన కూర్చుని టీవీ సీరియళ్ళు చూడాలి. అక్కడ పెద్ద రైతంటే గట్టు మావయ్యే. ఎప్పుడు చూసినా చెరువు గట్టు మీదే ఉంటారని ఊరు పెట్టిన పేరు. ఆయన ఏ మేత వేస్తే చుట్టుపక్కల చెరువులన్నిటికీ అదే. మిట్టమధ్యాహ్నం టై బిగించి, గట్టెక్కి, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ లాప్‌టాప్ తెరిచాను. ఎండకి తెర మీద నా మొహం తప్ప ఏమీ కనబడలేదు.

"ఎవరబ్బాయివి?" అన్నారు. చెప్పాను. "మీ పెదనాన్న తెలుసులే, మంచోడే. నీ సంగతే తెలీదు. ఈ మేత బాగుంటదా?"

"చాలా బాగుంటుందండీ!"

"అయితే ముందు నువ్వు తిను బాబూ."

నవ్వాను. ఆయన నవ్వలేదు. గట్టు మీద పనివాళ్ళు కూడా చేతిలో పనాపి నా నోటికేసే చూస్తున్నారు. మా నాన్న, టీవీ సీరియళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. శాంపిల్ ప్యాకెట్టు విప్పి గుప్పెడు నోట్లో పోసుకున్నాను. ఎండుచేపల బుట్టలో మర్చిపోయిన బిస్కెట్టు నమిలినట్టుంది.

"ఎట్టా ఉంది?"

"కొంచెం... ఉప్పు తగ్గిందండీ."

"రేపు రా, చూద్దాం" అన్నారాయన. తిరిగొస్తూ మూతి దేనితో తుడుచుకోవాలో తెలీక టైతో తుడుచుకున్నాను. దాని ఉద్యోగం ఆ పూటతో సరి. మర్నాడు టై లేకుండానే వెళ్ళాను, మళ్ళీ తిన్నాను. ఆ వారం తిరక్కుండానే ఊళ్ళో నా పేరు 'మేత బాబు' అయిపోయింది. "మేత బాబూ, టీ పొయ్యనా, కుడితి కలపనా?" అనేవాడు టీ కొట్టాయన.

గట్టు మావయ్య ఊగిసలాడుతున్నారని విని, బేరం ముగించడానికి చిరునవ్వు సారు స్వయంగా వేంచేశారు. చెయ్యి కలిపారు, కళ్ళలోకి చూశారు, పళ్ళన్నీ చూపించారు. గట్టు మావయ్య అంతా విని, "మీ కుర్రోడు తిన్నాడండీ. మరి తమరో?" అన్నారు.

"మా మేతకి సర్టిఫికెట్ ఉందండీ..."

"రొయ్యలకి చదువు రాదు కదండీ."

సారు నాకేసి చూశారు. నేను చెరువుకేసి చూశాను. నా ఉద్యోగమంతా ఇప్పుడు ఆయన నోట్లో ఉంది. ఆయన కళ్ళు మూసుకుని నమిలారు. ఆ చిరునవ్వు లేకుండా ఆయన మొహం చూడటం నాకదే మొదటిసారి. మావయ్య ఆర్డరిచ్చారు. "ఈ సంగతి ఆఫీసులో చెప్పకు" అన్నారు సారు కారెక్కుతూ. (చెప్పకుండా ఉండటానికి నేనేమన్నా మహాత్ముణ్ణా?)

ఉద్యోగం నిలిచాక ధైర్యం చేసి అడిగాను. "మావయ్య గారూ, నేను తింటే మేత మంచిదో కాదో మీకెలా తెలుస్తుందండీ?"

"నాకేం తెలుస్తది? నేనేమన్నా రొయ్యనా! టైలు కట్టుకొచ్చేవాళ్ళు బోలెడుమంది అల్లుడూ. రొయ్య చచ్చి గట్టుకి కొట్టుకొచ్చిందంటే ఒక్కడూ ఫోనెత్తడు. ఆ కంపు నమిలి కూడా మర్నాడు మళ్ళీ గట్టెక్కావు చూడు, నువ్వు పారిపోయే రకం కాదనుకున్నా."

నేను మళ్ళీ గట్టెక్కింది సీరియళ్ళ భయంతోనే కదా! నాకు చచ్చేంత సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ గర్వంగా అనిపించింది. ఆ పంటలోనే జబ్బొచ్చి రొయ్య గట్టుకి కొట్టుకొచ్చింది. ఫోను రాగానే వెళ్ళాను. చెయ్యగలిగిందేమీ లేదు, ఆయన పక్కన గట్టు మీద ఊరికే కూర్చున్నాను. తర్వాతి పంటకి కూడా ఆయన మా మేతే వేశారు.

ఇప్పుడు నాకే ఓ సొంత మేత కొట్టుంది. మొన్న ఒక కొత్త కంపెనీ కుర్రాడు మెడలో టైతో దిగి, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ ప్యాకెట్టు విప్పాడు. నా నోరు ఊరుకుంటుందా? "ముందు నువ్వు తిను బాబూ" అన్నాను. పాపం, తిన్నాడు. "మీకేం పోయేకాలమండీ, పిల్లాడికి మంచినీళ్ళన్నా ఇవ్వకుండా!" అని మా ఆవిడ నన్ను దులిపేసింది. మర్నాడు కొట్టు తీసిన దగ్గర్నుంచీ నాకు రోడ్డు మీదే ధ్యాస. వాడు రాకపోతే ఆనాటి నేను రానట్టే అనిపించి, దిగులు కూడా వేసింది.

ఎండెక్కాక వచ్చాడు. మెడలో టై లేదు. నేను కుర్చీ జరిపి, రెండు టీలు చెప్పాను.