తీసేయించిన వాక్యం

మా పై అంతస్తులో ఉండే మేడమ్ పోయారని పోయినవారం ఒక ఉదయం వాచ్‌మన్ చెప్పాడు. ఏదో దాస్తున్నాడనిపించి మళ్లీ అడిగాను. నిద్రలోనే పోయారట.

ఆమె నాటక రచయిత్రి. అమెరికాలో పుట్టిన ఆర్మేనియన్. ఉన్న ఊరు వదిలి పారిపోయి వచ్చినవాళ్ల వంటగదుల గురించే నాటకాలన్నీ రాశారు. ఒమాన్‌లో మేముండే ఈ అల్ ఖౌద్‌కు యూనివర్సిటీ పిల్లలకు నాటకం నేర్పడానికి వచ్చారు.

నా భార్య నర్సు. డ్యూటీ దిగితే ముందు పైకే వెళ్లేది. నేను రుసైల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మేడమ్ కాచిన చిక్కటి కాఫీ తాగుతూ మా భీమవరం కబుర్లు చెబుతుండేది. మేడమ్ ఆ మాటలను పెదవులతో తిరిగి పలికేవారు. నాకది నచ్చలేదు.

"ఆవిడ నీ మాటలు నాటకంలో పెట్టేస్తుంది, చూస్తూ ఉండు."

"పెట్టుకోనివ్వండి. మనింట్లో మాటలకు కరువా? పొదుపు చేసేది మీరొక్కరేగా!" అని నవ్వింది.

జబ్బు చేసి నా భార్య పోయిన నలభయ్యో రోజున మేడమ్ పిండి హల్వా పట్టుకొచ్చారు. వాళ్లలో ఆ రోజుకు అదే చేస్తారట. నా ఏడుపు చూడటానికి వచ్చారనుకున్నాను. ఏడవలేదు.

"నాటకం రాశాను. మీరు వినాలి," అన్నారు.

అనుకున్నదే అయింది.

ఎవరి మాటలు తీసుకున్నారో వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి వినిపించడం, వాళ్లు వద్దన్నది కొట్టేయడం ఆమె పద్ధతి. నా భార్య కూర్చోవలసిన చోట నేను కూర్చున్నాను. నాటకంలో ఆమె జబ్బు వస్తుందని, చావు వస్తుందని కాచుకున్నాను. రాలేదు. ఒక నర్సు కాఫీ తాగుతూ కబుర్లు చెప్పింది, అంతే. మధ్యలో ఒక మాట అంది: "మా ఆయనకు లోకమంతటి మీదా అనుమానమే. నా మీద తప్ప."

"అది తీసేయండి," అన్నాను.

మేడమ్ కారణం అడగలేదు. కొట్టేశారు. ఆ సంగతి ఎప్పుడైనా ఎత్తుతారేమోనని చూస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. సాయంత్రాలు నాకూ ఒక కప్పు కాఫీ పంపేవారు.

ఇప్పుడు యూనివర్సిటీ పిల్లలు మేడమ్ జ్ఞాపకార్థం ఆ నాటకం వేస్తున్నారు. నిన్న రిహార్సల్‌కు వెళ్లి, నర్సు వేషం వేసే ఒమానీ అమ్మాయికి ఆ వాక్యం చెప్పాను.

"ఇది మేడమ్ రాసిందేనా, అంకుల్?" అనుమానంగా చూసింది.

"రాశారు. నేనే తీసేయించాను. మా ఆవిడ అన్న మాట."

చెప్పి చూసింది. నన్ను తిడుతున్నట్టు వచ్చింది.

"అలా కాదమ్మా. నవ్వుతూ."

వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. ఆ అమ్మాయి ఖాళీ కప్పు ఎత్తి, నా వైపు చూసి, నవ్వుతూ అంది.