రెండంతస్తుల పిల్ల

ఆ పిల్ల పోట్లాడి గెలవడం నేను ఒక్కసారే చూశాను. ఆ పోట్లాట నా చెయ్యి గురించి.

మా భవనంలో కింది అంతస్తు యంత్రాలవాళ్ళది, పై అంతస్తు కణాలవాళ్ళది. కిందివాళ్ళు ఇంజనీర్లు. పైవాళ్ళు మనిషి ఒంట్లోంచీ ఎలుక ఒంట్లోంచీ తీసిన కణాలను సీసాల్లో పెంచి, వాటికి మేత పెట్టి, మైక్రోస్కోపులో చూస్తుంటారు. రెండు అంతస్తుల గాజుసామానూ కడిగేది నేను. కడిగిన సీసాను వెలుతురుకి పట్టి చూస్తే అక్కడ సీసా ఉందని తెలియకూడదు. నేను అలా కడుగుతాను. ఇది గొప్ప అనుకునేవాళ్ళు అనుకోవచ్చు, గొప్పే.

ఒకరోజు కిందినుంచి వచ్చిన తొట్టిలో చెయ్యి పెట్టగానే భగ్గుమని మంట పుట్టింది. ఏ పేరూ రాయని సీసా ఒకటి పక్కకి ఒరిగి ఉంది. అడుగున మిగిలింది యాసిడ్. అది పంపినవాడు, జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరిగే ఒక సీనియరు. అతని అసలు పేరు ఎవరూ వాడేవాళ్ళు కాదు, స్క్రూడ్రైవరు అనే పిలిచేవాళ్ళు. నేను చెయ్యి కుళాయి కింద పెట్టుకుని పళ్ళు బిగించుకుని నిలబడితే, కొత్తగా చేరిన ఈ పిల్ల చూసింది. నన్ను చూసింది, సీసాను చూసింది, దాన్ని గుడ్డతో పట్టుకుని గబగబా మెట్లు దిగింది. వేలికి తడిగుడ్డ చుట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను. ఈ పిల్ల కూడా ఇంజనీరింగు చదివి వచ్చిందే. అంటే అతను తన సొంత అంతస్తు మనిషి, తనకంటే పెద్దవాడు.

"దీని మీద చీటీ ఎందుకు అంటించలేదు?" అంది, నలుగురూ ఉండగా.

"ఆవిడకి చదువొచ్చా ఏంటి? అంటిస్తే మాత్రం చదువుతుందా?" అన్నాడు అతను నవ్వుతూ.

నేను రెండో తరగతి దాకా చదివాను. కూడబలుక్కుని అయినా చదవగలను. ఆ మాట అనబోతుంటే పిల్ల అందుకుంది.

"ఆవిడ సంగతి వదిలెయ్. నీకు చదువొచ్చుగా, రాయడానికి నీకేమైంది?"

నలుగురూ నవ్వారు. అతనికి ఉక్రోషం వచ్చింది. "నిన్నగాక మొన్న వచ్చావు, అప్పుడే నాకు చెప్తున్నావా? సీసా ఎత్తే ముందు ఎవరి జాగ్రత్త వాళ్ళు చూసుకోవాలి" అన్నాడు.

పిల్ల ఒక గ్లాసు తీసుకుని, అటు తిరిగి అందులో ఏదో పోసి తెచ్చి, అతని ముందు బల్ల మీద పెట్టింది.

"తాగు."

"ఏంటిది?"

"నీ జాగ్రత్త నువ్వు చూసుకో."

అతను గ్లాసు వైపు చూశాడు. మంచినీళ్ళలాగే ఉంది. వాసన చూడబోయి ముక్కు వెనక్కి తీసుకున్నాడు. గదిలో ఎవరూ కదల్లేదు. కాసేపటికి అతను సొరుగు లాగి, చీటీల చుట్ట తీసి, కలం పట్టుకున్నాడు. సాయంత్రానికి కింది అంతస్తులో పేరు లేని సీసా ఒక్కటి లేదు.

"ఏం పోశావే అందులో?" అని అడిగాను, నా చేతికి మందు రాస్తున్నప్పుడు.

"కుళాయి నీళ్ళే అమ్మమ్మా. ఇంకేం పోస్తాను?"

అమ్మమ్మా అన్న పిలుపు నేను ఇచ్చింది కాదు, తనే తీసుకుంది.

వాళ్ళు చదివేది రెండు చదువులు కలిపిన డాక్టరేటు. దాని పేరు తలుపు మీద రెండు వరుసల్లో గాని పట్టలేదు. యంత్రాల చదువు చదివినవాళ్ళు మొదటి ఏడాదంతా పైకి వచ్చి కణాలు పెంచడం నేర్చుకోవాలి. కణాల చదువు చదివినవాళ్ళు కిందికి వెళ్ళి తీగలు అతకడం నేర్చుకోవాలి. ఒక్కొక్కరికి ఇద్దరేసి గురువులు, కింద యంత్రాల సారు, పైన కణాల మేడమ్. ఇద్దరు గురువులంటే నా లెక్కలో ఇద్దరు అత్తల కాపురం. ఒకరు కూర్చోమంటే ఇంకొకరు ఇంకా లేవలేదేమంటారు. కిందివాళ్ళు ఈ పిల్లను "పైనుండే అమ్మాయి" అనేవాళ్ళు, పైవాళ్ళు "ఇంజనీరమ్మాయి" అనేవాళ్ళు. రోజంతా మెట్ల మీదే ఉండేది. నేను రెండంతస్తుల పిల్ల అని పేరు పెట్టాను. అదే ఖాయమైంది.

తను చేసిన వస్తువు బొటనవేలి గోరంత ఉంటుంది. గాజులా నిగనిగలాడే మెత్తటి బిళ్ళ. అందులో వెంట్రుక కంటే సన్నటి కాలవలు. ఆ కాలవల గోడలకి మనిషి కిడ్నీ కణాలు అంటించి పెంచుతుంది. కొత్త మందు ఏదైనా వస్తే ముందు అందులో పారించి, కిడ్నీకి చేటు చేస్తుందో లేదో చూడవచ్చు. మనుషుల మీద చూడక్కర్లేదు.

"మా నాన్న చేసే పనే అమ్మమ్మా, కాస్త చిన్నది" అనేది. వాళ్ళ నాన్న నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. వీధి చివర చిన్న కొట్టు. ఆ ఇంట్లో డాక్టరేటు దాకా వచ్చింది ఈ పిల్ల ఒక్కతే. కొట్టుకి కొత్త బోర్డు రాయించినప్పుడు ఆయన కూతురి పేరు కూడా రాయించాడట. ఆ పేరుకి ముందు కొంత జాగా ఖాళీగా వదిలిపెట్టమన్నాడట. "ఏం రాస్తావు అక్కడ?" అని ఎవరైనా అడిగితే, "రాసేటప్పుడు చూద్దురుగాని" అనేవాడట. ఇది చెబుతూ పిల్ల సిగ్గుపడేది. సిగ్గుపడుతూనే మళ్ళీ మళ్ళీ చెప్పేది.

కణాలకి సెలవులు ఉండవు. అందరూ ఇళ్ళలో పడుకున్న రోజు కూడా పొద్దున్నే వచ్చి, ఇంక్యుబేటరు తలుపు తీసి, పాత ద్రవం పీల్చేసి, కొత్తది పోసేది. అది గులాబీ రంగు ద్రవం, కణాలకి మేత. అవి తిన్నకొద్దీ రంగు పసుపులోకి తిరుగుతుంది. అవి తిన్నాకే తను టీ తాగేది.

"కన్నపిల్లలకైనా ఇంత చెయ్యరే" అన్నాను ఒకసారి.

"కన్నపిల్లలైతే ఆకలేస్తే ఏడుస్తారు. ఇవి నోరెత్తకుండా చచ్చిపోతాయి."

అలా ఏళ్ళు గడిచాయి. బిళ్ళ పనిచేసింది. యంత్రాల సారు వచ్చినవాళ్ళందరికీ చూపించుకుని మురిసిపోయాడు. ఇక చేసిందంతా పుస్తకంగా రాసి ఇచ్చేస్తే పేరు ముందు డాక్టరు అన్న మాట పడుతుంది. బోర్డు మీద ఖాళీ నిండుతుంది.

ఒక మధ్యాహ్నం నా కడుగుడు గదిలోకి వచ్చి, బోర్లించిన సీసాల పక్కన స్టూలు మీద కూర్చుంది. మొహం చూస్తే ఇంటినుంచి చెడ్డకబురు వచ్చిందేమో అనుకున్నాను.

"అమ్మమ్మా, అవి కిడ్నీవి కావు" అంది.

నాకు అర్థం కాలేదు. మెల్లగా చెప్పింది. పుస్తకం రాస్తూ రాస్తూ "ఇవి మనిషి కిడ్నీ కణాలు, ఎందుకంటే" అని రాసిందట. ఆ ఎందుకంటే దగ్గర చెయ్యి ఆగిపోయిందట. ఎందుకంటే ఏముంది? మొదట్లో వేరే ఊరి ప్రయోగశాలనుంచి వచ్చిన చిన్న గొట్టం మీద అలా రాసి ఉంది, అంతే. అనుమానం వచ్చి కొన్ని కణాలు పరీక్షకి పంపింది. అవి వేరే కణాలని తేలింది. ఎక్కడో, ఎప్పుడో, ఎవరి చేతిలోనో వేరేవి ఒక చుక్క పడ్డాయట. అవి మొండివి. చేలో కలుపులా పెరిగి అసలువాటిని లేకుండా చేశాయట. ఈ పిల్ల చేతికి వచ్చేటప్పటికే గొట్టంలో కిడ్నీ లేదు, చీటీ మీద మాత్రం ఉంది.

పై అంతస్తులో పుట్టి పెరిగినవాళ్ళకి కొత్త కణాలు వస్తే ముందు అవి ఏవో తేల్చుకోవడం అలవాటు. కింది అంతస్తు అలవాటు వేరు. పెట్టె మీద ఏ కొలత రాసి ఉంటే లోపలి స్క్రూ ఆ కొలతదే. దాన్ని ఎవరూ మళ్ళీ కొలవరు. ఈ పిల్ల కణాల గొట్టాన్ని స్క్రూల పెట్టెలా అందుకుంది. పైన గడిపిన మొదటి ఏడాదిలో మేత పెట్టడం, విడదీయడం, గడ్డకట్టించి దాచడం అన్నీ నేర్పారు. ఈ ఒక్కటీ ఎవరూ చెప్పలేదు.

"స్క్రూడ్రైవరుకి గ్లాసు పెట్టి తాగమన్నానే, గుర్తుందా? వాడు తెలివైనవాడు, తాగలేదు. నేను చీటీ చూసి తాగేశాను."

మర్నాడు వరండాలో ఇద్దరు గురువులూ ఎదురెదురుగా నిలబడ్డారు, మధ్యలో పిల్ల. నేను సీసాల బండి తోసుకుంటూ వస్తున్నాను. నన్ను చూసి ఎవరూ గొంతు తగ్గించరు, బండి చక్రాల చప్పుడుతో సమానం నేను.

"మీ అంతస్తులో పెరిగిన కణాలు కదా, మీరు చూశారనుకున్నాను" అన్నాడు సారు.

"మీ అమ్మాయి తెప్పించుకున్నవి కదా, మీరు చూసే తెప్పించారనుకున్నాను" అంది మేడమ్.

"సరే, అయిందేదో అయింది. బిళ్ళ పనిచేస్తోంది, కాలవలు బాగున్నాయి. కిడ్నీ అన్న మాట తీసేసి ఊరికే కణాలు అని రాయమ్మా. ఎవరడుగుతారు?"

"నేనడుగుతాను" అంది మేడమ్.

"అడగడం ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు?"

పిల్ల అప్పటిదాకా నేల చూస్తోంది. "మాట తీసేస్తే సరిపోదు సార్. ఏ మందు ఎంతవరకు పరవాలేదో అంకెలు ఇచ్చాను. ఆసుపత్రివాళ్ళు వాటిని నమ్మి అడుగు ముందుకేస్తున్నారు. అవి కిడ్నీ చెప్పిన అంకెలు కావు. నేనే చెప్పేస్తాను" అంది.

సారు అప్పుడు కోప్పడలేదు. "చెబితే నీకేం మిగలదు తల్లీ" అన్నాడు. ఆ మాట ప్రేమగానే అన్నాడు. అందుకే వినడం కష్టమైంది.

రెండు అంతస్తులవాళ్ళూ కూర్చునే హాల్లో చెప్పింది. నేను వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. తప్పు ఎవరి మీదా నెట్టలేదు. గొట్టం వచ్చింది, చీటీ నమ్మాను, చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు, నా అంకెలు ఎవరూ వాడకండి అంది. స్క్రూడ్రైవరు అప్పటికి చదువు పూర్తిచేసి అక్కడే పాఠాలు చెబుతున్నాడు. అతను తల వంచుకుని జేబులో స్క్రూడ్రైవరును తిప్పుతూ కూర్చున్నాడు. మేడమ్ లేచి, తప్పులో తన వంతు కూడా ఉందంది. సారు లేవలేదు.

ఈసారి పోట్లాడటానికి ఎదురుగా ఎవరూ లేరు. అందరూ నిజమే అన్నారు, నిజాయితీ అన్నారు, భుజం తట్టారు. తరవాత పెద్దలు కూర్చుని, ఆ చదువుకి ఉన్న గడువు అయిపోయిందన్నారు. మళ్ళీ మొదటినుంచి చెయ్యడానికి మరో విడత ఇచ్చే వీల్లేదన్నారు. చిన్న పట్టా ఒకటి ఇచ్చి పంపుతామన్నారు. ఇచ్చారు. దాన్ని ఎక్కడ పెట్టుకుందో నేను అడగలేదు.

ఇంటికి నా గదిలోంచే ఫోను చేసింది, కుళాయి చప్పుడులో బయటికి వినపడదని కాబోలు. కుళాయి నేను కట్టేశాను. స్పీకరులోంచి ఆయన గొంతు వినిపించింది.

"నాన్నా, పైపులు బాగానే వేశాను. లోపల పారింది వేరే."

"పైపులు వేసినవాళ్ళది నీళ్ళ పూచీ ఎట్లా అవుతుందమ్మా?"

"నీళ్ళ పూచీ కూడా నాదే నాన్నా."

ఆయన వెనక ఏదో మోటారు ఆడుతోంది. ఆగింది.

"రా అమ్మా ఇంటికి. బోర్డు రంగు ఎలాగూ వెలిసిపోయింది, మొత్తం మళ్ళీ రాయిద్దాంలే" అన్నాడు.

ఫోను పెట్టేసి, తన గ్లాసులూ మూతలూ తనే కడుక్కుంటానంది. నేను వద్దనలేదు. పక్కన నిలబడి తుడిచి పెట్టాను. ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూసింది, నేను చూసినట్టే. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడిస్తే బాగుండును.

వెళ్ళే రోజు పొద్దున్న, గడ్డకట్టించి దాచిన గొట్టాలన్నీ పైకి తీసి, సంచిలో వేసి, తన చేత్తోనే కణాలను ఉడికించి చంపే ఆవిరి పెట్టెలో పెట్టింది. ఉంచితే రేపు ఇంకెవరో చీటీ చూసి అందుకుంటారని. అది ధైర్యంగానే చేసింది. ఇక ఇంక్యుబేటరులో బతికున్నవి ఒక సీసా మిగిలాయి. వాటిని చంపాలంటే బ్లీచింగు నీళ్ళు పొయ్యాలి, గులాబీ రంగు పోతే అవి పోయినట్టు. ఆ అరలోకి మధ్యాహ్నం ఇంకో పిల్ల కణాలు వస్తాయి.

సీసా తెచ్చి నా తొట్టి పక్కన పెట్టింది. ఆ పొద్దున్న కూడా మేత పెట్టినట్టుంది, కొత్త గులాబీ రంగు తళతళలాడుతోంది. బ్లీచింగు డబ్బా ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తింది. నేను దాన్ని తన చేతిలోంచి తీసుకున్నాను. తను బ్యాగు భుజానికి తగిలించుకుని తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండా అడిగింది.

"అమ్మమ్మా, నువ్వు పోస్తావా? పోసేసి వేరే పనిలోకి వెళ్ళిపోకు. ఆ రంగు పూర్తిగా పోయేదాకా వాటి పక్కనే నిలబడు. కిడ్నీ కాకపోతేనేం, ఇన్నేళ్ళు నా చేతి మేతే తిన్నాయి."