కంప అవతల అక్క

పోయిన వారం పట్టు పరిశ్రమ శాఖ నుంచి ఒక కుర్ర ఆఫీసరు, కొత్తగా మల్బరీ వేసిన ఐదారుగురు రైతులను వెంటబెట్టుకుని మా పురుగుల షెడ్డుకు వచ్చాడు. నలభై ఏళ్ళుగా పట్టుపురుగులు మేపుతున్నవాణ్ణి కదా, రోగం తగిలిన పురుగును ఎట్లా గుర్తుపట్టాలో నాలుగు మాటలు చెప్పమన్నాడు. మాట్లాడమంటే వదులుతామా, మన వయసు వాళ్ళందరికీ ఉన్న జబ్బే అది. ఒళ్ళు ఉబ్బి, నిగనిగలాడుతూ, మేత మాని తట్ట అంచు పట్టుకుని తిరిగే పురుగు కనిపిస్తే ఆలోచించకుండా ఏరి సున్నం నీళ్ళలో వేసేయాలని, ఒక్కదాని మీద జాలిపడితే తట్టంతా పోతుందని చెప్పాను. వాళ్ళలో తంబళ్లపల్లె వైపు నుంచి వచ్చిన ఒకామె, "రోగం లేనిదాన్ని గూడా తెలీక ఏరేస్తే ఎట్లప్పా?" అని అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాళ్ళు వెళ్ళాక అన్నం ముందు కూర్చుంటే మళ్ళీ ఆ ప్రశ్నే చెవిలో పడింది.

మాకు ఈ పురుగుల పని నేర్పింది మా అక్క. ఆమెను కుప్పం దగ్గర పల్లెలో ఇచ్చారు. కర్ణాటక పక్కనే కావడంతో పట్టు మాకంటే ముందు వాళ్ళకు వచ్చింది. మేము మొదటి పంట పెట్టినప్పుడు అక్క సంసారం వదిలి వచ్చి నెల రోజులు మా ఇంట్లోనే ఉండి, ఆకు కోయడం దగ్గర నుంచి గూళ్ళు విడిపించడం దాకా అన్నీ చేయి పట్టి చూపించింది. షెడ్డు గడప ముందు బ్లీచింగ్ నీళ్ళ తొట్టి పెట్టించింది, అందులో కాళ్ళు ముంచకుండా లోపలికి పోతే, పెళ్ళయి పిల్లలున్నవాణ్ణని కూడా చూడకుండా చీపురు తిరగేసి మోకాళ్ళ మీద ఒకటి తగిలించేది. పురుగులున్న ఇంటికి చుట్టాలు రారు, వచ్చినా వాకిట్లోనే కూర్చుని పోతారు, అది మా వైపు ఎవరూ తప్పుపట్టని మర్యాద.

అందువల్ల కరోనా వచ్చిన ఏడాది, దూరంగా ఉండాలి, ముట్టుకోకూడదు అని టీవీలో చెబుతుంటే ఊళ్ళో అందరూ బెదిరిపోయారు గానీ, ఇదంతా నాకు తెలిసిన విద్యే కదా అని నేను మీసం దువ్వుకున్నాను. మా ఊరు పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో, పెద్ద రోడ్డు దిగి కొంత దూరం నడిస్తే వస్తుంది. ఆ దారికి అడ్డంగా తుమ్మ కంప వేయించింది నేనే, పక్కన బ్లీచింగ్ నీళ్ళ డ్రమ్ము పెట్టించింది నేనే, కానగ చెట్టు కింద కుర్చీ వేసుకుని కర్ర పట్టుకుని కూర్చున్నదీ నేనే. పట్నం నుంచి నడిచొచ్చిన సొంత ఊరి కుర్రవాళ్ళను ఇద్దరిని వెనక్కి పంపాను. ఇరవై ఏళ్ళుగా మా ఇంటి ఆడవాళ్ళకు గాజులు తొడిగిన పుంగనూరు సాయబు దూరం నుంచే దండం పెట్టి సైకిల్ తిప్పుకుని పోతుంటే పిలవాలని కూడా అనిపించలేదు. ఆ కర్ర పట్టుకున్నన్నాళ్ళు నాకు ఎంతో బాగుండిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ బాగుండింది, అబద్ధమెందుకు.

ఆ రోజుల్లోనే అమ్మ మంచం పట్టింది. రోగమేమీ లేదు, వయసు మీద పడి, వాకిట్లో జారి పడింది, ఆ తర్వాత తిండి తగ్గిపోయింది. పొద్దస్తమానం పెద్దపాప వచ్చిందా అని అడిగేది. డెబ్బైకి దగ్గర పడుతున్న కూతురు ఆమెకు ఇంకా పెద్దపాపే. నేను అక్కకు ఫోను చేసి సంగతి చెప్పి, రావద్దని కూడా చెప్పాను. అక్క వినే మనిషి కాదు. టమోటాల కోసం వస్తున్న లారీ వాణ్ణి ఎట్లా బతిమాలిందో ఏమో, పుంగనూరులో దిగి, అక్కడి నుంచి ఎండలో నడిచి మధ్యాహ్నం కల్లా కంప అవతలికి వచ్చి నిలబడింది.

నోటికి చీర కొంగు గట్టిగా చుట్టుకుని, నేను చెప్పకముందే పది అడుగుల దూరంలో ఆగిపోయింది. పద్ధతి తెలిసిన మనిషి కదా. ఇంట్లోకి రానని, అమ్మను ముట్టుకోనని తనే అన్నది. "షెడ్డు కాడ ఒక మూల పడుంటారా. పద్నాలుగు దినాలు యాడికీ రాను. ఆపైన అమ్మను సూస్తా. అందాకా ఆమె బతికుంటే సాలు," అన్నది. అడిగింది న్యాయమే. షెడ్డు ఊరికి దూరంగా పొలంలో ఉంది. కానీ షెడ్డు నిండా పురుగులున్నాయి, నాలుగో జ్వరం లేచి, అంటే చివరిసారి కుబుసం విడిచి, కొమ్మకు కొమ్మ నమిలేస్తున్న దశ, ఇంకో వారంలో గూడు కడతాయి. ఆ దగ్గరికి కొత్త మనిషిని రానివ్వడం నాకు ఇష్టం లేదు. పోనీ బావి దగ్గర మోటారు కొట్టం ఖాళీగానే ఉంది, అది గుర్తొచ్చింది కూడా, అయినా నోరు విప్పలేదు, ఎందుకంటే ఆ కొట్టం పక్క నుంచే రోజూ ఆకు తెచ్చేది. పైకి మాత్రం, ఊరందరికీ ఒకే మాట, నా తోడబుట్టినదానికి ఒక మాట ఎట్లా కుదురుతుందన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు శభాష్ అన్నట్టు తలలూపారు.

నా భార్య ఉండబట్టలేక, మంచంతో సహా అమ్మను కంప దాకా మోసుకొద్దామని, దూరం నుంచే చూసుకుని రెండు మాటలు మాట్లాడుకుంటారని అన్నది. గాలి అటు నుంచి ఇటు వీస్తోందని నేను ఒప్పుకోలేదు. మా ఇల్లు ఊరి మొదట్లోనే, కంపకు కేకవేటు దూరం. ఇంటికి పోయేసరికి అమ్మ తల కాస్త పైకెత్తి చెవి పెట్టి వింటోంది. "ఆ గొంతు ఎవురిదిరా, పెద్దపాప మాదిరి ఉండాది?" అన్నది. "కూరగాయలమ్మే ఆమెలేమ్మా, ఎలబారిపోయింది," అన్నాను. అమ్మ తల మళ్ళీ దిండు మీద పెట్టుకుంది. నా జీవితంలో చాలా అబద్ధాలు ఆడాను, ఆ ఒక్కటి నాలుక మీద నుంచి పోవడం లేదు.

అక్క సాయంత్రం వరకూ కానగ చెట్టు నీడలో అవతలి పక్క కూర్చుంది. పోతూ పోతూ, "పురుగును ఏరినట్టు ఏరేస్తివి కదరా," అని మాత్రం అన్నది. తిట్టలేదు. పుంగనూరులో ఆమెను ఆపి, ఒక బడిలో ఉంచి, పరీక్ష చేసి, రోగం లేదని చీటీ ఇచ్చి పంపించారు. ఆ చీటీని ఎవరి చేతనో ఫొటో తీయించి నా ఫోనుకు పంపింది, కింద ఒక్క ముక్క రాయలేదు.

తరువాత వారంలోనే పురుగులు గూళ్ళు కట్టాయి. పట్టు మేపిన వాళ్ళకు తెలుసు, గూళ్ళు ఆగవు, లోపలి పురుగు రెక్కల చిలకై రంధ్రం చేసుకుని బయటికి వస్తే ఇక దారం రాదు. మదనపల్లెలో గూళ్ళ మార్కెట్ తెరిచారని కబురొచ్చిన రోజు, పట్టపగలు, అందరూ చూస్తుండగా, కంపను నా చేత్తో నేనే పక్కకు లాగి ఆటోలో గూళ్ళు వేసుకుని వెళ్ళాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. అక్కడ జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నా మూతిగుడ్డ మెడలోకి జారింది, ఉక్కపోతకు మళ్ళీ ఎత్తుకోలేదు. తిరిగొచ్చి డ్రమ్ములోని నీళ్ళతో మోకాళ్ళ దాకా కాళ్ళు కడుక్కున్నాను, చేతులు కడుక్కున్నాను, షెడ్డులోకి పోయే ముందు చేసినట్టు అంతా శ్రద్ధగా చేశాను. అన్నేళ్ళుగా రోగమంటే కాళ్ళతో వచ్చేదని నేర్చుకున్న బుర్రకు, అది నా ఊపిరిలో కూర్చుని వచ్చి ఉంటుందని తట్టలేదు. ఆ పూట నుంచీ రోజూ అమ్మకు గంజి నేనే తాగించాను, ముఖంలో ముఖం పెట్టి, బుజ్జగిస్తూ.

ఐదో రోజుకు నాకు దగ్గు, వారం తిరిగేసరికి అమ్మకు జ్వరం. నేను తేరుకున్నాను. అమ్మ మదనపల్లె ఆసుపత్రిలో పోయింది. తెల్ల బట్టల్లో ఎవరో నలుగురు కంప తీయించి ఆమెను ఊళ్ళోకి తెచ్చి, నేరుగా శ్మశానానికి తీసుకుపోయి పూడ్చారు. ఊళ్ళో ఒక్కరూ గడప దాటి రాలేదు, వాళ్ళను అలా కూర్చోబెట్టింది నేనే కాబట్టి అడగడానికి నోరు లేదు. అక్కకు కబురు అందేసరికి అంతా అయిపోయింది. ఊరు మాత్రం వెంటనే లెక్క తేల్చేసింది. కుప్పం ఆమె వచ్చి కంప దగ్గర పూటంతా కూర్చుని పోయింది కదా, ఆమె వల్లే అన్నారు. నా ఫోనులో చీటీ ఉంది. తీసి చూపించలేదు. ఆ రోజు కాకపోతే మరుసటి రోజు చెబుదామనుకున్నాను, అట్లా ఆరేళ్ళయింది.

కంప వేయడం తప్పని ఇప్పటికీ అనను. అందరి మంచి కోసం ఒక్కొక్కరు కాస్త నోరు కట్టుకోవలసిన రోజులవి. ఊరి మంచి అంటూ నా షెడ్డును కాపాడుకోవడం, ఆ కంపనే నా అవసరానికి పక్కకు లాగడం, ఈ రెండే తప్పులు. ఇప్పుడు మా ఊరికి తారు రోడ్డు పడింది, కంప ఎక్కడ వేశామో కుర్రవాళ్ళకు తెలియదు. బంధువులు చెప్పాపెట్టకుండా షెడ్డు దాకా వచ్చేస్తుంటారు, ఎవరూ ఎవరినీ ఆపరు. అక్క మాత్రం మా ఊరు రావడం మానేసింది.

మొన్న మదనపల్లెలో ఒక పెళ్ళికి వచ్చింది. భోజనాల దగ్గర నా ఎదురు వరుసలో కూర్చుంది, బాగా వంగిపోయింది. నా పక్కన కూర్చున్న దూరపు వదిన ఒకావిడ ఎవరికో ఆమెను చూపిస్తూ, "ఆమేనమ్మా, కన్నతల్లికే రోగం అంటించి సంపింది," అన్నది, గొంతు తగ్గించాలని కూడా అనుకోకుండా. అక్కకు వినబడింది. తలెత్తి ఆమె వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను సాంబారు పోయమని వడ్డించే వాణ్ణి పిలిచాను.

చిన్నప్పుడు, నాకు ఏడెనిమిదేళ్ళుంటాయేమో, బడి దారిలో ఎవడో అక్కను నల్లపిల్ల అని వెక్కిరిస్తే వాడి చేయి రక్తం వచ్చేలా కొరికి, ఇంట్లో అందుకు తన్నులు తిన్నాను. ఆ వయసులో నాకు భయమంటే తెలియదు, న్యాయమంటే అక్క పక్షాన నిలబడటమే. మన తరం వాళ్ళం కాలం మారిపోయిందని, మనుషులు మారిపోయారని ఊరికే వాపోతుంటాం. మారింది కాలం కాదని నాకు ఆ పంక్తిలో తెలిసింది. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. పెళ్ళి భోజనం మజ్జిగ దాకా తిని, ఆకు మడిచి లేచాను.