సగంలో ఆగిన నోటుబుక్కు

కెనడాలోని విండ్సర్‌లో చదువుకున్న రెండేళ్లూ ఒక టర్కీ ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నాను. ఆవిడకు డెబ్భై దాటాయి. భర్త కార్ల ఫ్యాక్టరీలో చేసి, రిటైరయ్యాక పోయారు. ఆదివారాలు నన్ను టీకి పైకి పిలిచేవారు. ఇద్దరికీ కుదిరిన భాష ఇంగ్లిషే, ఎవరి యాస వాళ్లది.

ఒక ఆదివారం టేబుల్ మీద పాత నోటుబుక్కు కనిపించింది. వాళ్ల నానమ్మ చిన్నప్పటిదట, చెల్లెలు ఇల్లు ఖాళీ చేస్తూ ఇస్తాంబుల్ నుంచి పంపింది. "ఇందులో ఒక్క ముక్క చదవలేను" అన్నారు ఆంటీ.

తెరిస్తే నాకు తెలిసిన అక్షరాలే. నిజామాబాద్‌లో ఉర్దూ బడిలో చదివిన మా తాతయ్య, వేసవి సెలవుల్లో నాకు అలీఫ్, బే దిద్దించాడు. టర్కీ భాషనూ ఒకప్పుడు ఈ లిపిలోనే రాసేవారట. నానమ్మ బడిలో ఉండగానే ప్రభుత్వం దాన్ని తీసేసి, ఇంగ్లిష్ లాంటి అక్షరాలు తెచ్చిందని ఆంటీ చెప్పారు.

నాకు అర్థం తెలియదు, ఆవిడకు అక్షరం తెలియదు. నేను కూడబలుక్కుంటూ చదువుతుంటే ఆవిడ విని మాట పట్టుకునేవారు. నేను కితాబ్ అంటే ఆవిడ కితాప్ అని సరిదిద్దారు. ఆ రోజు మొదటి పేజీ, రాసినవాటిలో చివరి పేజీ మాత్రమే చదవగలిగాం. ఆ చివరి పేజీలో ఒకచోట కాఫ్ అనే అక్షరం మీద మూడు చుక్కలున్నాయి. ఉర్దూలో అలాంటిది నేను చూడలేదు. యెకీ అన్నాను, యెగీ అన్నాను. తర్వాతి మాట హర్ఫ్‌లెర్. ఆంటీ రెండూ కలిపి లోపల అనుకుని, "యెని. కొత్త అక్షరాలు" అన్నారు.

రేపటి నుంచి కొత్త అక్షరాలు, నేను ముందు వరుసలో కూర్చుంటాను అని రాసుంది. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

పసితమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నానమ్మను బడి మాన్పించారని ఆంటీకి తెలుసు. అది కొత్త అక్షరాలు వచ్చిన రోజుల్లోనేనని ఇప్పుడే తెలిసింది. ఇంట్లో అందరూ ఆమెకు చదువు రాదనే అనుకున్నారు. ఆమె కాగితాల మీద వేలిముద్రే వేసేది.

నల్ల గౌను, తెల్ల కాలరుతో ఆంటీ ఒకటో తరగతికి వెళ్లే రోజుల్లో, చదవడం వచ్చిన పిల్లలకు టీచరు గుండె మీద ఎర్ర రిబ్బను కట్టేవారట. అది కట్టిన రోజు పరుగున ఇంటికొచ్చి, పేపరు పట్టుకుని నానమ్మ ముందు కూర్చున్నారట.

"నీకు చదవడం రాదు కదా, నేను చదివి పెడతానన్నాను. నానమ్మ చివరిదాకా విన్నది" అన్నారు ఆంటీ. తర్వాత లేచి, కడిగిన కప్పులే మళ్లీ కడిగారు.

తర్వాతి ఆదివారం నేను పైకి వెళ్లేసరికి టేబుల్ మీద కొత్త నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు ఉన్నాయి. నేర్పమన్నారు. చలికాలమంతా దిద్దారు. ఒక్క అక్షరాన్నీ వరుస దాటనిచ్చేవారు కాదు.

నాకు మాంట్రియల్‌లో ఉద్యోగం వచ్చి వచ్చేశాను. కిందటి నెల ఫోన్ చేశారు. పాత నోటుబుక్కులో నడిమి పేజీ ఒకటి సొంతంగా చదివారట. పక్కన కూర్చునే పిల్ల తన కలం పాళీ విరగ్గొట్టిందని నానమ్మ ఆరు వరుసలు తిట్టిపోసింది. ఆ తిట్లు ఇంగ్లిష్‌లో చెప్పలేక ఆంటీ చాలాసేపు నవ్వారు.