తలంబ్రాల చీరకు చుట్టిన ఎర్ర కాగితం

నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు... రాజోలిలో మా ఇంట రంగు కాగితాల సంరక్షణకు ఒక శాఖ ఉండేది. దానికి అధ్యక్షురాలు మా అమ్మ. గుమాస్తా, బంట్రోతు, కావలిమనిషి కూడా ఆమే. మగ్గం గుంత పక్కనున్న రేకుపెట్టె కార్యాలయం.

శాఖ ఆస్తులన్నీ ఒకే పెళ్లి నుంచి సంక్రమించాయి. మాకు నూలూ జరీ ఇచ్చి చీరలు నేయించుకునే గద్వాల షావుకారి ఇంట పెద్దకొడుకు పెళ్లి జరిగింది. హైదరాబాదు చుట్టాలు కానుకలను రంగు కాగితాల్లో చుట్టి తెచ్చారు. ఎవరి కానుకలు వారు విప్పి తీసుకున్నారు... నేల మీద మిగిలిన కాగితాలను పనికి వెళ్లిన అమ్మ ఏరి తెచ్చుకుంది. ఎవరూ అభ్యంతరం తెలుపలేదు.

ప్రతి కాగితాన్నీ మడతలు విప్పి, నిప్పులు పోసిన ఇత్తడి చెంబుతో సాపు చేసేది. పసుపుపచ్చ కాగితం అంచులు కత్తిరించి దీపం గూటికి తోరణంగా అతికించింది. నీలిది జరీ కండెలకు చుట్టింది. పగిలిన అద్దానికి వెనకనుంచి మరొకటి అంటించింది... ఆ తర్వాత మా ముఖాలన్నీ ఒకే ముక్కగా కనిపించాయి. పక్కింటి చాంద్‌బీ పీర్ల పండుగకు అడిగితే ఆకుపచ్చవీ బంగారువీ అన్నీ ఇచ్చేసింది.

"నీకేం మిగిలినయక్కా?" అంది చాంద్‌బీ.

"ఎర్రయి రెండున్నయ్ తియ్. పెద్ద పనికి దాస్తున్న."

శాఖకు తెలియని వినియోగం ఒకటి నా చేతిలో జరుగుతుండేది. ఎర్ర కాగితం కొసను నాలుకతో తడిపి పెదవులకు రుద్దుకుంటే... షావుకారి కోడలి పెదవులకంటే ఎర్రగా పండేవి. ఆ రంగు వేళ్లకూ, పరికిణీకీ కూడా అంటేది. ఒకసారి అమ్మ నిలదీసింది.

"మూతి గట్ల ఎర్రగున్నదేందే?"

"చాంద్‌బీ ఆకువక్క ఇచ్చిందమ్మా."

"అబద్ధమాడితే వాతలు వెడత, సూడు."

వాతల భయంతో ఆ అబద్ధానికే కట్టుబడి ఉన్నాను.

ఇంతలో యుద్ధం... నూలు కంట్రోలు కిందికి వెళ్లింది. షావుకారి దయ ఉన్న ఇంట్లోనే మగ్గం ఆడేది. ఆ ఏడు ఆయన కూతురి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల తలంబ్రాలకు కట్టుకునే తెల్లచీర నేసే పని నాయనకు దక్కింది. నడుమంతా పాలనురుగులాంటి నూలు, అంచూ కొంగూ పట్టు. షావుకారు ఒక షరతు పెట్టాడట.

"పెండ్లోళ్ల ముందట విప్పాలె. పాతగుడ్డల సుట్టి తెచ్చినవంటే నా ఇజ్జత్ పోతది. మంచి కాయితంల వెట్టుకరా. చీర నచ్చితేనే మల్ల నూలు."

దుకాణాల్లో కాగితం లేదు. అమ్మ పెట్టె తెరిచింది. ఎర్ర కాగితాలు రెండూ బయటికి వచ్చాయి.

చీరను మడత మీద మడత పెట్టి, కాగితంలో చుట్టి, దారంతో కట్టి, దూరంగా జరిగి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏందే, గట్ల జూస్తున్నవ్? మంచిగుందా?"

తడి తగిలితే ఏమవుతుందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. చెబితే పెదవుల సంగతి బయటపడుతుంది.

"మంచిగుందమ్మా" అన్నాను.

నాయన బండెక్కి గద్వాలకు వెళ్లాడు. దారిలో అయిజ ఊరు దాటాక వాన పట్టుకుంది. మూటను కడుపుకు అదుముకుని, దాని మీదికి వంగి కూర్చున్నాడట... మూడోనాడు తిరిగి వచ్చాడు, చీరతోనే.

"ఏమైందయా?" అంది అమ్మ.

ఆయన చీర విప్పి నేల మీద పరిచాడు. ప్రతి మడతకూ ఒక ఎర్రటి మరక... మొదటిది అరచేయంత, తర్వాతివి కొంచెం కొంచెం చిన్నవి.

"తలంబ్రాల చీరకు నెత్తురు పూసి తెచ్చినవేందిరా అన్నడు షావుకారు. పెండ్లికూతురి తల్లి ఏడ్సుకుంట లోపటికి వోయింది."

"నా చేతులిర్గిపోను... నేనే సుట్టిన గదా!"

"వాన కొట్టింది. నువ్వేం జేస్తవ్?" అన్నాడు నాయన.

నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. వాంగ్మూలం ఇవ్వడానికి అదే సరైన సమయం. ఇవ్వలేదు.

అమ్మ కుంకుడురసంతో ఎన్నిసార్లు ఉతికినా మరక పలచబడిందే తప్ప పోలేదు. నూలు ఆగిపోయింది. మగ్గం గుంత మీద పలకలు పరిచారు. మిల్లుల్లో పని దొరుకుతుందని నాయన షోలాపూర్ వెళ్లాడు. మూడో వానాకాలంలో అక్కడే జ్వరంతో పోయాడు. మాకు వార్త అందేసరికి కర్మ కూడా అక్కడివాళ్లే ముగించారు...

అమ్మ ఎనభై దాటి బతికింది. పెళ్లిళ్లలో ఎవరైనా కానుక చుట్టమని కాగితం చేతికిస్తే తీసుకునేది కాదు. "నా చేత్తోనే సుట్టి మీ నాయనను షోలాపూర్‌కు తోలిన బిడ్డా" అనేది. "పోనీలేమ్మా" అనేదాన్ని. ఆమె పోయేవరకు ఆ జవాబులో ఎటువంటి సవరణా చేయలేదు.

మొన్న మా మునిమనవరాలి పుట్టినరోజు... పిల్లలు కానుకల కాగితాలను పరపర చింపి కుప్ప పోశారు. ఒక ఎర్రముక్కను నీళ్ల గ్లాసులో ముంచి చూశాను. చుక్క రంగు దిగలేదు. ఇప్పటి కాగితాలు ఎంతో నాణ్యమైనవి... ఎవరూ దాచుకోరు, చీపురుతో ఊడ్చేస్తారు.

మీ ఇళ్లలో రంగు కాగితాలను దేనికి వాడేవారో రాయండి. చెప్పవలసి ఉండి చెప్పకుండా మిగిలిన మాట ఏదైనా ఉంటే అదీ రాయండి... వినవలసిన మనిషి ఇంకా ఉంటే మాత్రం, ముందు అక్కడికి వెళ్లి చెప్పి రండి.