మా ఇంటిపేరు పెట్టాలనుకున్న పురుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుర్చీలకన్నా పురుగుల పెట్టెలకే మర్యాద ఎక్కువ. అప్పటికే కుర్చీలు చాలావరకు ఇల్లు దాటిపోయాయి. మా ముత్తాతగారు కృష్ణాజిల్లా నుంచి వచ్చి, అశ్వారావుపేట అవతల అడవి అంచున భూములు కొని, మేడ కట్టించారు. నాకు ఊహ తెలిసేనాటికి ఆ భూములు కోర్టు వ్యవహారాల్లో కరిగిపోయాయి. మేడ పైగది వానకు కురిసేది. మా నాన్నగారు నేను పసిపిల్లగా ఉండగానే పోయారు. ఆ ఇంటికి మిగిలిన వారసురాలిని నేనొక్కదాన్నే. అయినా మా తాతయ్య మడత చెదరని పంచెతో తప్ప వీధిలోకి అడుగుపెట్టేవారు కాదు. నేను ఆయన చేతికింద పెరిగినదాన్ని. ఈ వయసులో కూడా నలుగురి మధ్య ఒరిగి కూర్చోవడం నాకు చేతకాదు. దాన్ని గర్వమంటారు కొందరు. అననివ్వండి.

తాతయ్యకు రెక్కల పురుగుల పిచ్చి. పుస్తకాల్లో వాటిని చిమ్మటలంటారు. సాయంత్రం వసారాలో పెట్రోమాక్సు వెలిగించగానే గోడమీద వచ్చి వాలేవాటిని పట్టి, ఎండబెట్టి, సూది గుచ్చి, అద్దాల పెట్టెల్లో అమర్చేవారు. వాటన్నిటిలోకీ ఆయనకు ప్రాణం దసలి పట్టు, అంటే అడవి పట్టు పురుగుల వర్గమంటే. రెక్కకొక గుండ్రటి కన్ను, ఆ కన్ను నడుమ అద్దంలాంటి పలుచటి పొర ఉంటాయి వాటికి. పెట్టెను కిటికీ దగ్గర పెట్టి, ఆ కన్నులోంచి వెలుగు ఎలా అవతలికి పోతుందో నాకు చూపించేవారు.

శాస్త్రంలో ప్రతి పురుగుకీ రెండు పేర్లుంటాయని నాకు చెప్పింది ఆయనే. మొదటి పేరు ప్రజాతిది, అంటే ఇంటిపేరు. రెండోది సొంత పేరు. ఇంగ్లీషువాళ్ళు తమ పేర్లకు ఇంటిపేరు చివర తగిలించుకున్నా, పురుగుల దగ్గరికి వచ్చేసరికి మన పద్ధతికే దిగివచ్చారని చెప్పి ముసిముసిగా నవ్వుకునేవారు. ఒక ఇంటిపేరు కింద ఎందరో దాయాదులున్నట్టే, ఒక ప్రజాతి కింద ఎన్నో జాతులుంటాయట. కొత్త జాతిని కనిపెట్టినప్పుడు దానికి ఎవరి పేరైనా పెట్టవచ్చునట.

ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు కొంచెం మారేది. అది ఎందుకో నాకు తెలుసు. రెండు పెట్టెలు ఆయన ఎప్పుడూ పక్కపక్కనే ఉంచేవారు. ఒకదానిలో పసుపు కలిసిన బూడిద రంగు పురుగులు, పెద్దవి. అవి మామూలు దసలి అనేవారు. రెండోదానిలో వాటికన్నా కాస్త చిన్నవి, ఎర్రమట్టి రంగువి. వీటి తలమీద దువ్వెన పళ్ళలాంటి వెడల్పాటి మీసాలుండేవి. మొదటి పెట్టెలోని వాటికి మీసం సన్నం. ఆ మీసాన్నిబట్టి, రంగునుబట్టి ఇది ఇంతవరకూ ఎవరూ చూడని వేరే జాతి అని తాతయ్య తేల్చుకున్నారు. ఖమ్మం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరుగారికి ఉత్తరం కూడా రాశారు. వచ్చి చూసి నిజమని చెబితే, ఆ పురుగు సొంత పేరు మా ఇంటిపేరు మీద ఉండాలని ఆయన కోరిక. భూమి పోయింది, మేడ పోతోంది. పుస్తకంలోకి ఎక్కిన పేరును మాత్రం ఏ కోర్టూ వేలం వెయ్యలేదు కదా.

ఈ పురుగుల్లో సగం మాకు తెచ్చిచ్చేది గూడెం అవ్వ. మా ఊరికి రెండు మైళ్ళ దూరాన అడవిలో ఉన్న కోయగూడెం ఆమెది. నల్లమద్ది చెట్లమీద నుంచి పట్టుకాయలు ఏరి సంతకు పట్టుకెళుతూ, దారిలో మా పెరట్లో ఆగేది. పట్టుకాయ అంటే పురుగు తన చుట్టూ అల్లుకునే గూడు. కొమ్మకు కాడతో వేలాడే కోడిగుడ్డులా ఉంటుంది. అవ్వ మెట్టుమీద కూర్చునేది కాదు, మెట్టు పక్కన కూర్చునేది. అలా కూర్చోవాలని ఎవరూ చెప్పలేదు. లేచి పైకి కూర్చోమని కూడా ఎవరూ చెప్పలేదు.

లెక్చరరుగారు వచ్చేస్తున్నారని తెలిసిన వారంలోనే ఒక మధ్యాహ్నం తాతయ్య పెట్టెలు రెండూ వసారాలో ఎండకు పెట్టించారు. అవ్వ తొంగిచూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్వుతున్నావని అడిగాను.

"ఏంది బిడ్డా, మీ తాత మొగుడు పెండ్లాలను రెండిండ్లల్ల వెట్టిండు?" అంది. "గా మీసాలది మొగది. గీ పెద్దది ఆడది. రెండు ఒక్క తీరు కాయల్లకెల్లే వస్తయ్."

నాకు ఒళ్ళు మండింది. మా తాతయ్యకు తెలియనిది నీకు తెలుసా అన్నాను. ఆయన ఎన్ని పుస్తకాలు చదివారో చెప్పాను.

"అవ్, మీ తాత సదువుకున్నడు," అంది అవ్వ తాపీగా. "గవి సదువుకోలె గద."

నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. నన్ను నమ్మించాలని ఆమెకు సరదా పుట్టినట్టుంది. మర్నాటి సాయంకాలం, అప్పుడే కాయలోంచి వెలువడిన ఒక బూడిద రంగు పురుగును బుట్టలో తెచ్చింది. రెక్క మొదట్లో మెత్తటి నూలుదారం చుట్టి, పశువుల కొట్టం వెనకాల సీతాఫలం కొమ్మకు కట్టింది. ముడి వేస్తూ ఆమె వేళ్ళు ఆ పురుగును ఎంత నెమ్మదిగా తాకాయో నాకింకా గుర్తు. ఈ రెక్కల పురుగులకు నోరుండదని, గొంగళిగా ఉన్నప్పుడు మేసిన ఆకే రెక్కలొచ్చాక నాలుగు రోజులకు ఆధారమని ఆమె అప్పుడే చెప్పింది. అది కూడా మా పుస్తకాల్లో నేను చదివినది కాదు.

"పొద్దుగాల్ల కోళ్ళు దిగకముందు వచ్చి సూడు. ఎవ్వలొచ్చిండ్రో గీమెనే అడుగు," అని వెళ్ళిపోయింది.

తెల్లవారుతుండగా వెళ్ళి చూశాను. దారం కట్టిన పురుగు కొమ్మమీదే ఉంది. దాని కింద, తోకకు తోక ఆనించి, ఎర్రమట్టి రంగుది వేలాడుతోంది. వెడల్పాటి మీసం. మా పురుగు. మా ఇంటిపేరు పెట్టుకోబోయే పురుగు.

ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. తాతయ్య ముఖం కళ్ళముందు మెదిలింది. వెంటనే రెండు పురుగులనూ చేతులతో పట్టి లాగి విడదీశాను. దారం తెంపి ఆడదాన్ని కోళ్ళ ముందుకు విసిరాను. మగదాన్ని గుప్పిట్లో పెట్టుకుని వెళ్ళి, తలుపు దగ్గర దొరికిందని తాతయ్యకిచ్చాను. ఆయన ఎంతో సంతోషించి దాన్ని రెండో పెట్టెలో చేర్చారు.

ఆ పూట అవ్వ వచ్చి అడిగింది, ఎవ్వలన్న వచ్చిండ్రా అని. ఎవరూ రాలేదు, దారం తెంపుకుని ఎగిరిపోయింది అన్నాను. ఆమె నా వేళ్ళవైపు చూసింది. రెక్కల పొడి అంత తొందరగా పోదు. బొటనవేలికి పసుపు, చూపుడువేలికి ఎరుపు అంటి ఉన్నాయి. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"సరే తీ బిడ్డా," అంది. "గాలి లేకుండెనేమో, మొగదానికి వాసన అందకపాయె."

నాలుగు రోజులకు లెక్చరరుగారు వచ్చారు. చిన్నవాడే, బస్సు దిగి నడిచి రావడంతో చెప్పులనిండా దుమ్ము. ఆ సందర్భానికి తాతయ్య పట్వారీగారిని, మా భూములు కొనుక్కున్న ఆసామిని కూడా భోజనానికి పిలిచారు. తన పేరు నిలిచిపోయే సమయాన వాళ్ళు ఎదురుగా ఉండాలని ఆయన ఉద్దేశం. భోజనాలయ్యాక పెట్టెలు తెరిచారు. లెక్చరరుగారు భూతద్దంతో చాలాసేపు చూసి, ఈ ఎర్రవాటిలో ఆడవి ఏవండీ అని అడిగారు. ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు, అంత అరుదైనవి అన్నారు తాతయ్య, అదీ ఒక ఘనతే అన్నట్టు. లెక్చరరుగారు మొదటి పెట్టె కూడా చూసి, మరి వీటిలో మగవి అని అడగబోయి ఆగిపోయారు. తర్వాత ఒక ఎర్ర పురుగునూ ఒక బూడిద పురుగునూ సూదులతో సహా తీసి పక్కపక్కన గుచ్చారు. మీసం మగదానికే వెడల్పుగా ఉంటుందని, ఆడదాని వాసనను గాలిలోంచి పట్టేది దానితోనేనని, వీలైనంత మెల్లగా చెప్పారు. ఈ ప్రజాతిలో ఆడామగా ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి గనక ఎంతటివాళ్ళైనా పొరబడతారని కూడా అన్నారు.

ఆసామి తమలపాకు మడుచుకుంటూ, "అయితే పెద్దాయన ఇన్నేళ్ళనించి కాపురాలు విడదీస్తున్నారన్నమాట," అన్నాడు. పట్వారీగారు దగ్గినట్టు నవ్వారు. తాతయ్య వెన్ను నిటారుగానే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మాట మార్చడానికే కాబోలు, లెక్చరరుగారు తాము రెండు కార్తెలపాటు ఈ అడవుల్లో పురుగులను సేకరించబోతున్నామని, చెట్లూ కాయలూ బాగా తెలిసిన మనిషి ఒకరు జీతానికి కావాలని చెప్పారు. అవ్వ అప్పుడు పెరట్లోనే ఉంది. తాతయ్య ఆమెను గుమ్మం దగ్గరికి పిలిపించి, ఇవి ఆడామగా అని నీకు తెలుసా అని అందరి ముందూ అడిగారు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను.

తెలుసునంటే ఎందుకు చెప్పలేదని తాతయ్య అడుగుతారు. మీ మనవరాలికి చెప్పానని అవ్వ అంటుంది, నా అబద్ధం బయటపడుతుంది. ఆమె ఒక్కసారి నావైపు చూసింది. నేను నేలచూపులు చూశాను.

"తెల్వది దొరా," అంది. "ఏరుకొచ్చుడే గని, గవన్ని నాకేమెరుక."

తాతయ్య కోపానికి ఒక దారి దొరికింది. ఆడామగా తేడా తెలియనిదాన్ని నమ్మి ఇన్నేళ్ళు కొన్నాను, ఇక నువ్వు ఈ గడప తొక్కనక్కర్లేదు అన్నారు. లెక్చరరుగారు కాగితం మీద వేరే గూడెం మనిషి పేరు రాసుకున్నారు. అవ్వ బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడితో అయిపోతే నేను తాతయ్యనే తప్పుపట్టి ఊరుకునేదాన్నేమో. కానీ పదిరోజుల తర్వాత ఆయన నన్ను పిలిచి, పెట్టెలు రెండూ తెరిచి, సూదులు నా చేతికందిస్తూ జతలు జతలుగా ఒకే పెట్టెలో అమర్చారు. ఒక్కొక్కదాని కింద ఆడ, మగ అని తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. పని పూర్తయ్యాక, తప్పు తెలిసింది, మంచిదే, ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఇంకా బాగుండేది అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. నేను చెప్పవలసిన సమయం అదే. తలుపు బార్లా తెరిచి ఉంది. నేను సూదుల డబ్బా మూత బిగించి లేచాను.

తాతయ్య నిజాన్ని తట్టుకోలేరని నేను అనుకున్నాను. ఆయన తట్టుకున్నారు. అంటే నేను కాపాడింది ఆయన్ని కాదు. నేను హైస్కూలు దాటకముందే ఆయన పోయారు. అవ్వ సంత దారిలో ఎదురైనప్పుడల్లా మునుపటిలాగే "ఏం బిడ్డా, మంచిగున్నవా" అనేది. ఆ మాటకు తలాడించి వెళ్ళిపోయేదాన్ని. తర్వాత చదువు, పాల్వంచలో సైన్సు టీచరు ఉద్యోగం, రిటైర్మెంటు. ఆమె ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు.

మొన్న వానాకాలంలో అశ్వారావుపేట దవాఖానాలో బీపీ మాత్రల కోసం వరసలో కూర్చున్నాను. వరస చూస్తున్న ఆశా కార్యకర్త, నడివయసు మనిషి, నన్ను పరకాయించి చూసి మీది ఫలానా ఊరు కదా, పురుగుల దొర మనవరాలు కదా అంది. ఆమె అవ్వ మనవరాలు.

"మా అవ్వ మీ ఇంటికి వచ్చేదంట గద మేడం," అంది నవ్వుతూ. "పురుగుల సంగతి తెల్వదని మీ తాత ఎల్లగొట్టిండంట. కాలేజోళ్ళ జీతం పని గూడ గందుకే పోయిందని మా అమ్మ ఎప్పుడు అంటుండె. అవ్వ మాత్రం ఏమనకుండ నవ్వేది."

అవ్వ ఆ అబద్ధాన్ని తన ఇంట్లో కూడా విప్పలేదు. అడవి సంగతి అందరికన్నా బాగా తెలిసిన మనిషి, సొంత బిడ్డల దగ్గర ఏమీ తెలియనిదిగా మిగిలిపోయింది. అక్కడే, ఆ బల్లమీదే, జరిగినదంతా చెప్పాను. ఆమె నవ్వడం మానేసి విన్నది.

"మరి గప్పుడెందుకు చెప్పలే?"

"భయమేసింది," అన్నాను.

"మా అవ్వకు భయం కాలేదా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు, ఎవరి చీటీయో తీసుకుని లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు, వెనక తెల్లగా ఉన్న ఒక కాగితం నా చేతిలో పెట్టి, గీ మాట రాసియ్యుండ్రి, మా పిల్లలకు చూపెడత అంది. రాశాను. మా తాతయ్యకన్నా, వచ్చిన లెక్చరరుకన్నా ముందు ఈ పురుగులను సరిగా పోల్చింది మీ ముత్తవ్వ అని, ఆమె నాకు చూపించిందని, నేను చూసి కూడా చూడలేదని చెప్పానని రాసి, కింద సంతకం పెట్టాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, మందుల సంచిలో కాకుండా జాకెట్టులో దాచుకుంది.

ముప్పై ఏళ్ళు పిల్లల జవాబులు దిద్దాను. ఒక సరైన జవాబును తప్పని కొట్టేసింది మాత్రం ఉద్యోగంలో చేరకముందు, ఎనిమిదేళ్ళ వయసులో. ఆ జవాబు పక్కనున్న సున్నాను ఇప్పుడు తీసేశాను. కానీ ఆ మార్కు చూసుకోవలసిన మనిషి లేదు. ఆ సంగతి నాతోనే ఉంటుంది.