గోడవైపు తిరిగిన బిళ్ళ

మా అత్తయ్య మేకుకు ఏది తగిలించినా దాని మొహం గోడవైపే ఉంటుంది. తాళంచెవుల బిళ్ళ, కరెంటు రసీదు, ఆఖరికి పాప టీకాల కార్డు కూడా. తర్వాతి టీకా ఎప్పుడో చూద్దామని వంటింట్లోకి వెళ్తే నాకు ఖాళీ అట్ట కనబడేది. తేదీలంటే అసలే నాకు గాభరా.

"కార్డుకేం సిగ్గా అత్తయ్యా?" అంటే, "ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు పడ్డ చెయ్యి అమ్మాయ్. ఇప్పుడు తిరగమంటే తిరుగుతుందా?" అనేది.

ఆవిడ ఓడరేవు లాండ్రీలో పనిచేసింది. అక్కడ మూటకో నంబరు రేకు కట్టేవారు. అంకె కొట్టిన వైపు గరుకుగా ఉంటుంది, బట్టకు రాసుకుంటే పోగులు లేస్తాయి. అందుకని అంకెను గోడవైపు తిప్పి తగిలించడం ఆ లాండ్రీ ఆడవాళ్ళ పద్ధతి. నావికులు ఆవిణ్ణి గంజక్క అనేవారట. చొక్కాలకు పెట్టగా మిగిలిన గంజి మొహానికి రాసుకుంటుంది, అందుకే నవ్వదు అని వాళ్ళ వేళాకోళం.

ఆ నావికుల్లో ఒకడు మా మామయ్య. యుద్ధనౌకలో ఇంజిను గది పని. మా ఆయనకు ఏడాది నిండిన నెలలో ఆ నౌక విన్యాసాలకని మధ్యాహ్నం బయల్దేరి, సాయంత్రం దాని లోపలి మందుగుండు పేలి మునిగిపోయింది. ఒక్కరూ తిరిగి రాలేదు. నలభై ఒక్క మంది ప్రాణాలు కోల్పోయారని విచారణలో తేల్చారు. మామయ్య నలభై రెండోవాడు. ఆయన పేరు ఎదురుగా "ఓడ ఎక్కలేదు, పరారీ" అని రాశారు.

ఆ మాట కొట్టేయించాలని అత్తయ్య ముప్పై ఒక్క ఏళ్ళు తిరిగింది. సంచి నిండా అర్జీలు. అన్నింట్లోనూ ఒకటే వాక్యం: ఆయన ఓడ ఎక్కడం నా కళ్ళతో చూశాను. అన్నింటికీ ఒకటే జవాబు: ఆధారం లేదు.

ఈ ఏడు రేవు గట్టు మీద చనిపోయినవాళ్ళ పేర్లతో రాయి నిలబెడుతున్నామని, అభ్యంతరాలుంటే నెలలోపు చెప్పమని ప్రకటన వచ్చింది. ఆవిడ సంచి తెచ్చి నా ముందు పెట్టింది.

"సైన్సు చదివినదానివి. నువ్వు రాస్తే నమ్ముతారేమో. ఆ రాతి మీద ఆయన పేరు చూసి పోతానమ్మాయ్."

విచారణ నివేదిక నకలు తెప్పించాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పాప నిద్రపోతుంటే చదివాను. ఒక్కో నావికుడికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. ఒడ్డున ఉంటే అది గేటు దగ్గరి పలక మీద ఉండాలి, ఓడలో ఉంటే ఓడ పలక మీద. ఓడ పలక ఓడతోనే పోయింది కాబట్టి గేటు పలక మీద ఖాళీ కొక్కేలు లెక్కపెట్టారు. నలభై ఒకటి. మామయ్య బిళ్ళ, 217, కొక్కేనికి వేలాడుతూనే ఉంది. కింద చిన్న అక్షరాల్లో కాపలావాడి మాట: "217 బిళ్ళ అంకె లోపలివైపు తిరిగి ఉండగా, తిప్పి చూచి రాసుకొంటిని."

తల ఎత్తితే ఎదురుగా వంటింటి గోడ. టీకాల కార్డు వీపు.

"అత్తయ్యా, ఆ బిళ్ళ అక్కడ తగిలించింది ఎవరు?"

ఆవిడ పాప బట్టలు మడతపెడుతోంది. ఇంకో నాలుగు మడతపెట్టాక చెప్పింది.

బట్టలు తీసుకెళ్ళేదాకా నావికుల బిళ్ళ లాండ్రీ కౌంటర్లో ఉంచుకోవడం వాడుక. ఆరోజు ఆయన చొక్కా ఇంకా ఆరలేదు. కాసేపాగమంది. ఇంతలో ఓడ కూత వేసింది. తడి చొక్కానే లాక్కుని, ఆవిడ చూస్తుండగానే పరిగెత్తి ఓడ ఎక్కేశాడు. బిళ్ళ సొరుగులోనే ఉండిపోయింది. బిళ్ళ పోగొట్టుకుంటే వారం రోజులు గదిలో వేసి తాళం పెడతారు. గేటు పలక మీద మర్చిపోతే ఊరికే నాలుగు తిట్లు. ఓడ పొద్దుగూకేసరికి వచ్చేదే కదా అని, ఉతికిన బట్టలు ఇవ్వడానికి వెళ్తూ ఆవిడే దాన్ని కొక్కేనికి తగిలించింది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"పలక ముట్టుకున్నవాళ్ళని జైల్లో వేస్తామన్నారు. చంకలో వీడు. నేను లోపలికి పోతే వీడికి పాలెవరిస్తారు? ఆ ఏడు గడవనీ అనుకున్నా. ఏడు తర్వాత ఏడు... నోరు రాలేదు."

అప్పుడు చూశాను. గుమ్మంలో మా ఆయన.

"బడిలో నన్ను పరారీగాడి కొడుకనేవాళ్ళు," అన్నాడు. గొంతు పెంచలేదు. "బస్టాండులో పొడుగాటి ముసలాడు కనిపిస్తే ఇప్పటికీ వెనక వెళ్ళి మొహం చూసి వస్తాను. ఎక్కడో ఇంకో పెళ్ళాంతో ఉన్నాడనుకున్నా. నువ్వేమో ఇక్కడ కూర్చుని నాకు అన్నం కలిపి పెట్టావు."

"ఒరేయ్..."

"పిలవకు."

మర్నాడు నేనే ఆవిణ్ణి రికార్డుల ఆఫీసుకు తీసుకెళ్ళాను. గుమస్తా అంతా విని టోపీ తీసి తల గోక్కున్నాడు.

"మీరే తగిలించానంటున్నారు కాబట్టి మీ అర్జీ చెల్లదమ్మా. కొడుకు అడిగితే చెల్లుతుంది."

"నేను చెప్పిందే కదా బాబూ వాడూ చెప్పేది?"

"చెప్పేది అదే. చెప్పే నోరు వేరు." అర్జీ ఫారం ఇచ్చాడు. "కారణం గడి ఖాళీగా వదలొద్దు. రికార్డు దిద్దితే ఆవిష్కరణ రోజు కారణంతో సహా చదవాలి. రూలు."

ఫారం మూడు వారాలు ఫ్రిజ్ మీద పడి ఉంది. ఆవిడ దాని దుమ్ము తుడిచేది, కొడుకుతో ఏమీ అనేది కాదు. మా ఆయన ఆవిడ వడ్డిస్తే తినేవాడు కాదు, నేను వడ్డించాల్సిందే. గడువు ఆఖరి రోజు పనికి వెళ్తూ చెప్పులు వేసుకుని ఆగాడు.

"చొక్కా నిజంగా తడిగా ఉందా?"

"కాలర్ దగ్గర. ఇంకో పావుగంటయితే ఆరేది."

ఆయన వెనక్కి వచ్చి ఫారం తీసుకుని నిలబడే నింపాడు. కారణం దగ్గర రాసింది చూసి నేను, "పొరపాటున అని ఒక్క మాట చేర్చండి," అన్నాను.

"పొరపాటు ఒక్కరోజుది. మిగతా ముప్పై ఏళ్ళని ఏమనాలి?"

అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. "నాన్న పుట్టింది పద్నాలుగో తారీఖు రా, నాలుగు కాదు," అంది. అంతే.

ఆవిష్కరణ పొద్దున తొమ్మిదింటికి. అర్జీదారుకు, అతని భార్యకు కలిపి రెండు కుర్చీలు. నేను లేచి ఆవిడకు చోటిస్తే మా ఆయన నా కుర్చీ మీద పాప సంచి పెట్టాడు. నేను పాపనెత్తుకుని తాడు వెనకాల ఆవిడ పక్కన నిలబడ్డాను. రాయికి తెల్లగుడ్డ కప్పారు. "గంజి ఎక్కువైంది," అని గొణిగింది అత్తయ్య.

పేర్లు చదివారు. నలభై ఒకటి అయ్యాక అధికారి ఇంకో కాగితం తీశాడు. మామయ్య పేరు. ఆ తర్వాత మైకులో మా ఆయన రాసింది రాసినట్టు: "లాండ్రీలో పనిచేసే ఇతని భార్య బిళ్ళను గేటు పలకకు తగిలించి, ఆ సంగతి ముప్పై ఒక్క ఏళ్ళు దాచినందున, ఇతడు పరారీగా నమోదయ్యాడు."

జనంలో గుసగుస. ఆవిడకు అటుపక్క నిలబడ్డామె నోరు నొక్కుకుంది.

"ఎంత పాపిష్టిది! కన్నకొడుకు ముందు ఎలా తిరిగిందో! ఇంకా బతికే ఉందంటారా?"

"ఉందమ్మా," అంది అత్తయ్య. "పేరు సరిగ్గానే చదివాడు కదూ? నాకు ఈమధ్య సరిగ్గా వినబడట్లేదు."